ఒక కన్ను మూసి చూడండి!

గుడివాడ బస్టాండు. మిట్టమధ్యాహ్నం. మలుపు దగ్గర బస్సు కనపడగానే బెంచీ మీదున్న పెద్దావిడ పక్కనున్న కాలేజీ కుర్రాణ్ని అడుగుతుంది, ‘బాబూ, అది బందరు బస్సేనా?’ అని. ‘కాదు మామ్మగారూ, కైకలూరు’ అంటాడతను. పది నిమిషాలకు ఇంకో బస్సు. మళ్లీ అదే ప్రశ్న. ఆవిడకు చదువు రాదేమో అనుకుంటాం. కానీ చేతిసంచీలో విష్ణు సహస్రనామం పుస్తకం ఉంటుంది. రోజూ చదువుతుంది కూడా. దగ్గరి అక్షరం బాగానే ఉంది. దూరాన ఉన్న బోర్డే పోయింది. ఎప్పుడు పోయిందో మాత్రం ఆవిడకు తెలియదు.

ఈ దృశ్యం అవనిగడ్డలో చూడొచ్చు, మచిలీపట్నంలో చూడొచ్చు. ఆ మాటకొస్తే మన ఇళ్లలోనే చూడొచ్చు. పన్ను నొప్పి పెడితే ఆ రాత్రే తెలుస్తుంది. మోకాలు పట్టేస్తే మెట్టు దగ్గరే తెలుస్తుంది. చూపు అలా కాదు. సాధారణంగా నొప్పి ఉండదు, మంట ఉండదు. నెలకింత, ఏడాదికింత అని మసకబారుతుంటే దానికి తగ్గట్టు మనమూ సర్దుకుపోతాం. టీవీకి కాస్త దగ్గరగా జరుగుతాం. సాయంత్రం బండి తీయడం మానేస్తాం. బస్సు పేరు పక్కవాళ్లని అడుగుతాం.

అన్నిటికన్నా పెద్ద తిరకాసు ఇంకొకటుంది. మనకున్నవి రెండు కళ్లు. ఒకటి పాడవుతుంటే రెండోది ఆ పని కూడా తనే చేసేస్తుంది. అది ఎంత చక్కగా కప్పిపుచ్చుతుందంటే... ఒక కన్ను దాదాపు పనిచేయడం మానేసినా కొందరికి ఏళ్ల తరబడి తెలియదు. ఏదో ఒకరోజు మంచి కంట్లో నలక పడి, దాన్ని నలుపుకుంటుంటే రెండో కంటికి ఎదురుగా ఉన్న మనిషి మొహం ఆనకపోతే అప్పుడు గుండె గుభేలుమంటుంది. అందుకే ఇంట్లో కళ్లను పరీక్షించుకోవాలంటే మొట్టమొదటి పని, అన్నిటికన్నా ముఖ్యమైన పని... ఒక కన్ను మూసి చూడటం. తర్వాత రెండోది మూసి చూడటం. మిగతావన్నీ దీని తర్వాతే.

ఇది చిన్న విషయం కాదు. 1996 నుంచి 2000 దాకా హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఉమ్మడి రాష్ట్రంలో పెద్ద సర్వే ఒకటి చేశారు. హైదరాబాద్‌తో పాటు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, గుడివాడకు కొల్లేటి అవతల ఉన్న పశ్చిమగోదావరి జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదని తేలింది. కారణాలేమిటా అని చూస్తే... 44 శాతం శుక్లాలు. మరో 16 శాతం కేవలం సరైన కళ్లద్దాలు లేకపోవడం. అంటే చీకట్లో ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురికి, ఒక ఆపరేషనో ఒక అద్దాల జతో ఉంటే వెలుగొచ్చేదే. ఆ ఆసుపత్రిని 1987లో ప్రారంభించిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావుది మన కృష్ణా జిల్లాయే.

గ్రాఫ్ కాగితం చాలు

కంటి డాక్టరు గదిలో గోడ మీద పైన పెద్ద అక్షరం, కిందికొచ్చేకొద్దీ చిన్నవయ్యే పట్టిక ఉంటుంది కదా. దాన్ని 1862లో తయారుచేసింది హెర్మన్ స్నెలెన్ అనే డచ్చి వైద్యుడు. (డచ్చివాళ్లు బందరుకు కొత్త కాదు. 17వ శతాబ్దం మొదట్లోనే ఇక్కడ బట్టల వ్యాపారానికి దిగారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఈ ఊళ్లో ఉన్నాయి.) డాక్టరు చీటీ మీద రాసే 6/6, 6/12 అనే అంకెలు ఆ పట్టిక నుంచి వచ్చినవే. లెక్క సులువే. మంచి చూపున్న మనిషి 12 మీటర్ల దూరం నుంచి చదవగలిగిన అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికొస్తేగానీ చదవలేకపోతే మీ చూపు 6/12. అంతకన్నా తగ్గితే చూపులో లోపం ఉన్నట్టే అంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

ఆ 6/12 గీతను ఇంట్లోనే గీసుకోవచ్చు. పిల్లల గ్రాఫ్ పుస్తకంలోంచి ఒక కాగితం తీసుకోండి. దాని మీద సరిగ్గా సెంటీమీటరు ఎత్తు, సెంటీమీటరు వెడల్పుతో ఇంగ్లీషు పెద్దబడి ‘ఈ’ అక్షరం గీయండి. నిలువు గీత, మూడు అడ్డగీతలు, వాటి మధ్య ఖాళీలు... అన్నీ రెండేసి మిల్లీమీటర్లు ఉండాలి. నల్ల ఇంకుతో నింపండి. కత్తిరించి తెల్లటి అట్టముక్క మధ్యలో అతికించండి. అంతే, పరికరం సిద్ధం!

పగటిపూట, వెలుతురు అక్షరం మీద పడేచోట ఒకరు ఆ అట్ట పట్టుకోవాలి. కిటికీకి ఎదురుగా నిలబెట్టి చదవమంటే ఎవరికైనా కష్టమే. చదివేవారు 11 అడుగుల దూరంలో కూర్చోవాలి. టేపుతో కొలవండి, అడుగులు వేసి లెక్కపెట్టొద్దు. దూరానికి అద్దాలున్నవాళ్లు అవి పెట్టుకునే చూడాలి. ఒక కంటిని అరచేత్తో కప్పుకోవాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి కనిపిస్తుంది. గట్టిగా నొక్కితే ఆ కన్నే కాసేపు మసకబారుతుంది. అట్ట పట్టుకున్నవారు అక్షరాన్ని పైకి, కిందికి, పక్కలకు తిప్పుతుంటే కాళ్లు ఎటున్నాయో వేలితో చూపించాలి. ఐదుసార్లలో నాలుగు సరిగ్గా చెబితే ఆ కన్ను గీత దాటినట్టు. లేదంటే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఇందులో చదువుతో పనిలేదు. బడికెళ్లని తాతయ్య, ఇంకా బడిలో వేయని మనవడు కూడా ఆడేయొచ్చు.

ఈ మాత్రం దానికి గోడ మీద క్యాలెండరు చాలదా అనొచ్చు. చాలదు. ఎందుకంటే ‘సోమవారం’ అనే మాటను మనం చదవం, గుర్తుపడతాం. మొదటి అక్షరం అందితే మిగతాది మనసే పూరించేస్తుంది. బస్సు బోర్డులూ అంతే. ‘ద’కూ ‘ధ’కూ, ‘బ’కూ ‘భ’కూ తేడా ఒక్క చిన్న గీత. చూపు మందగించినవారికి ఆ గీత ఎప్పుడో మాయమైపోయి ఉంటుంది. మాట తెలిసిందే కాబట్టి లోటు తెలియదు. ఇటు తిరిగిందా అటు తిరిగిందా అన్నదైతే ఊహకు అందదు.

స్మార్ట్‌ఫోన్‌లో చూసుకునే పద్ధతులూ వచ్చాయి. ‘పీక్ అక్యుటీ’ అనే యాప్‌ను కెన్యా పల్లెల్లో పరీక్షించి, ఫలితాలను 2015లో ప్రచురించారు. అందులోనూ ఇదే ‘ఈ’ అక్షరం, ఇదే తిప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ‘హూ ఐస్’ అని ఉచితంగా ఒకటి ఇస్తోంది. ఫోను ఉన్నవాళ్లు వాడుకోవచ్చు. నా ఓటు మాత్రం అట్టముక్కకే. తాతయ్యలు దాన్నైతే ముట్టుకుని చూసి నమ్ముతారు!

శుభలేఖకో చిల్లు

ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖ తీసుకోండి. దళసరిగా ఉండాలి. మధ్యలో లావుపాటి సూదితో మిల్లీమీటరంత చిల్లు పొడవండి. ఇందాక అక్షరం ఆనని కంటికి ఈ చిల్లును దగ్గరగా పెట్టుకుని, రెండో కన్ను మూసి, మళ్లీ అదే అక్షరాన్ని చూడండి. ఇప్పుడు కాళ్లు స్పష్టంగా కనబడుతున్నాయా? అయితే లోపం చాలావరకు అద్దాలతో సరిపోయేది కావచ్చు. చిన్న చిల్లులోంచి వచ్చే కాంతి చెదరదు. కంటి కటకం సరిగ్గా ఫోకస్ చేయలేకపోయినా బొమ్మ స్పష్టంగా పడుతుంది. అందుకే ఆ తేడా. చిల్లులోంచి చూసినా మసకగానే ఉంటే... శుక్లమో, కంటి వెనక రెటీనాలో ఏదైనా లోపమో అని అనుమానించాలి. ఇది డాక్టర్లు రోజూ వాడే కిటుకే. వాళ్ల దగ్గర నల్లటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, మన దగ్గర శుభలేఖ.

చిలకలపూడిలో చత్వారం

చత్వారింశత్ అంటే నలభై. చత్వారం అన్న మాటలోనే దాని వయసుంది. కొందరు ‘చాలీసు వచ్చింది’ అంటారు, అదీ నలభయ్యే. నలభై దాటాక కంటిలోని కటకం బిరుసెక్కి దగ్గరి వస్తువుల మీద నిలవదు. పేపరును కొంచెం కొంచెం దూరం జరుపుతూ పోతాం. చివరికి చెయ్యి పొడవు చాలదు! ఇది జబ్బు కాదు. నెరిసిన జుట్టులాంటిదే. అందరికీ వస్తుంది.

దీనికి పరీక్ష ఇప్పుడు మీ చేతుల్లోనే ఉంది. ఈ పేజీలోని అక్షరాలను అడుగుంబావు దూరంలో, అంటే మూరకన్నా కాస్త తక్కువలో పెట్టి, మంచి వెలుతురులో ఒక్కో కంటితో చదవండి. కష్టపడకుండా సాగితే సరే. వెనక్కి జరపాలనిపిస్తే చత్వారం మొదలైనట్టే.

పేపరు చదవకపోయినా బతుకు గడుస్తుంది. కానీ బందరులో చిలకలపూడి రోల్డుగోల్డు పనివారిని తలచుకోండి. ఆవగింజంత కొక్కేన్ని కొక్కేనికి అతికించాలి, రాళ్లు పొదగాలి. పెడన మగ్గం మీద తెగిన పోగును వెతికి ముడివేయాలి. కలంకారీ అద్దకంలో ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. ఈ పనుల్లో నలభై ఏళ్లంటే చెయ్యి తిరిగే వయసు. సరిగ్గా అప్పుడే కన్ను మొరాయిస్తుంది. ‘ఇదివరకంత పని సాగడం లేదు’ అనుకుంటారేగానీ కళ్ల మీదికి అనుమానం పోదు. అస్సాం తేయాకు తోటల్లో 40 దాటిన పనివారికి చత్వారపు అద్దాలిచ్చి చూశారు. అద్దాలు లేనివారితో పోలిస్తే వాళ్లు కోసిన ఆకు దాదాపు 22 శాతం పెరిగింది. 2018లో ఈ ఫలితాలు వచ్చాయి. 2024లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసి జేబు లెక్క చెప్పింది. అద్దాలు అందుకున్నవారి నెల ఆదాయం మిగతావారికన్నా 33 శాతం ఎక్కువ! ఆలోచించండి, అవి మామూలు దగ్గరి చూపు అద్దాలు. వయసుతో పాటు పోయిందనుకున్న పనితనం ముక్కు మీద అద్దాలతో తిరిగొచ్చింది.

బజార్లో తయారుగా దొరికే అద్దాలు కొనుక్కోవచ్చా? రెండు కళ్లకూ ఒకే పవర్ అయితే దగ్గరి పనికి సరిపోతాయి. అయితే అద్దాలతో పని జరిగిపోతోంది కదా అని కంటి డాక్టరును ఎన్నడూ చూడకుండా ఉండటమే ప్రమాదం. ఎందుకో ముందుముందు చెబుతాను.

ఊచలు వంకరగా ఉన్నాయా?

కిటికీ ముందు నిలబడండి. ఒక కన్ను మూసుకుని మధ్య ఊచ మీద చూపు నిలపండి. మిగతా ఊచలు తిన్నగా ఉన్నాయా? ఎక్కడైనా వంగినట్టు, అలలా కదిలినట్టు, మధ్యలో ముక్క మాయమైనట్టు ఉందా? రెండో కంటితోనూ చూడండి. గుమ్మం, గచ్చు మీది పలకలు, క్యాలెండర్లోని గళ్లు... తిన్నటి గీతలున్నది ఏదైనా పనికొస్తుంది. కంటి వెనక రెటీనాకు నడిబొడ్డులాంటి ‘మాక్యులా’ అనే చోట దెబ్బతింటే తిన్నటి గీత వంకరవుతుంది. వయసు మళ్లినవారిలో, చక్కెర జబ్బు ఉన్నవారిలో ఇది ఎక్కువ. స్విట్జర్లాండ్ వైద్యుడు మార్క్ ఆమ్స్‌లర్ దీనికోసమే గళ్ల కాగితం తయారుచేశాడు. ఇంటి దగ్గర రోజూ చూసుకొమ్మని డాక్టర్లు ఇప్పటికీ అదే ఇస్తారు. నిన్నటిదాకా తిన్నగా ఉన్న ఊచ ఇవాళ వంగితే వారం ఆగొద్దు.

శుక్లం ఇలా గీతలు వంచదు. దాని తీరు వేరు. రాత్రిపూట ఎదురొచ్చే లారీ లైట్లు చెదిరి కళ్లు చీకట్లు కమ్ముతాయి. రంగులు వెలిసిపోయినట్టు, పసుపు పూసినట్టు ఉంటాయి. ఒకటి గమనించండి... శుక్లం మొదలయ్యేటప్పుడు కొందరికి దగ్గరి చూపు బాగుపడుతుంది. ‘డెబ్భై ఏళ్లొచ్చాయి, అద్దాలు లేకుండా పేపరు చదివేస్తున్నా’ అని మురిసిపోతున్న తాతయ్యను ఒకసారి దూరపు అక్షరం చూపించి అడగండి. ఇక ‘శుక్లం ముదరాలి, అప్పుడు తీయించుకుందాం’ అనే మాట మన పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. పాతకాలపు ఆపరేషన్లకు ఆ మాట చెల్లింది. కంట్లో లెన్సు పెట్టే ఇప్పటి పద్ధతులకు ముదిరేదాకా ఆగనక్కర్లేదు. పైగా బాగా ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

బాగానే కనిపిస్తోందంటే...

ఇక్కడే అసలు సంగతి చెప్పాలి. అట్టముక్కలో తప్పితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, సరే. తప్పకపోతే? అప్పుడు కళ్లు బాగున్నట్టేనా? కాదు. ఇంటి పరీక్ష ‘వెళ్లు’ అని చెప్పగలదు. ‘వెళ్లక్కర్లేదు’ అని చెప్పలేదు.

కారణం నీటికాసులు. డాక్టర్లు గ్లకోమా అంటారు. కంటి నుంచి మెదడుకు చూపును మోసే నరం మెల్లగా చచ్చిపోతుంది. చాలామందికి నొప్పి ఉండదు. మొదట పక్కచూపు పోతుంది. నడిమి చూపు చిట్టచివరిదాకా ఉంటుంది. అంటే 6/6 అక్షరాన్ని టకటకా చదివేస్తూనే ఒక మనిషి గుడ్డితనం వైపు నడుస్తుండొచ్చు. పోయిన చూపు ఏ ఆపరేషనుకూ తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. ఇందాక చెప్పిన సర్వేలో గ్లకోమా ఉన్నట్టు తేలినవాళ్లలో పదికి తొమ్మిదిమందికి పైగా అప్పటిదాకా తమకు ఆ జబ్బున్న సంగతే తెలియదు. అమ్మకో నాన్నకో తోడబుట్టినవారికో నీటికాసులుంటే, నలభై దాటితే... చూపు ఎంత బాగున్నా కంటి ఒత్తిడి, నరం చూపించుకోవాలి. బజారు అద్దాల దగ్గర దాటేసిన మాట ఇదే.

చక్కెర జబ్బూ అంతే. రెటీనాలో రక్తనాళాలు చెడటం మొదలైన చాలాకాలానికిగానీ మసక రాదు. పెద్దవయసులో చక్కెర బయటపడినవాళ్లు ఆ ఏడాదే కంట్లో చుక్కలు వేయించుకుని వెనక భాగం చూపించుకోవాలి. ఆ తర్వాత ఏటా.

పిల్లలు చెప్పరు

పుట్టినప్పటి నుంచీ మసకగానే చూస్తున్న బిడ్డకు లోకమంతా అలాగే ఉంటుందనిపిస్తుంది. కాబట్టి చెప్పరు. చెప్పాలని తెలియదు. ఒక కన్ను మాత్రమే బలహీనంగా ఉంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఏడెనిమిదేళ్లలోపు గుర్తిస్తే అద్దాలతో, మంచి కంటికి కొంతసేపు పట్టీ వేసి దారికి తేవచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. మాటలు రాని పసివాళ్లకైతే ఆటగా ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను కప్పి చూడండి. ఒక కన్ను కప్పినప్పుడు ఊరుకుని, రెండోది కప్పినప్పుడు మాత్రం చెయ్యి తోసేసి ఏడుస్తుంటే... వాడికి కనబడేది మీరు కప్పిన ఆ కంటితోనే! ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిస్తే అసలు ఆలస్యం చేయొద్దు. కంటిలో కణితి కావచ్చు.

2019 అక్టోబరులో రాష్ట్రంలో ‘కంటి వెలుగు’ మొదలుపెట్టినప్పుడు ముందుగా బడిపిల్లల్ని తీసుకున్నది ఇందుకే. బడిలో ఎప్పుడో ఒకసారి చూశారు కదా అని వదిలేయకండి. ఎదిగే వయసులో హ్రస్వదృష్టి ఏటా పెరగొచ్చు. ఎండకన్నెరగని పిల్లల్లో ఇది ఎక్కువని తేలడంతో తైవాన్‌లో 2010 నుంచి రోజుకు రెండు గంటలు పిల్లల్ని ఆరుబయట ఉంచమని బడులకు చెప్పారు. కాలవగట్లు, కళ్లాలు ఉన్న ఊళ్ల పిల్లలకు ఆ చోటుకేం కొదవ? ఫోన్లే అడ్డం.

పసరు పోయొద్దు

కృష్ణా డెల్టాలో ఇంటి వైద్యం గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. కోతలప్పుడు వరి ఆకు గీసుకుంటుంది, నూర్పిళ్లలో ఊక ఎగిరి కంట్లో పడుతుంది. వెంటనే నందివర్ధనం పసరు పిండటం, చనుబాలు పోయడం, ఆముదం వేయడం పెద్దల అలవాటు. ఆ గీతలోంచి బూజు క్రిములు చేరి నల్లగుడ్డు మీద పుండు పడితే, మానాక మిగిలేది తెల్లటి ‘పువ్వు’. అది సరిగ్గా నడిమధ్యన ఉంటే చూపుకు అడ్డమే. పసరు ఆ క్రిములకు కొత్తవాటిని జోడిస్తుంది. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకుంటే బూజు పుండు ఇంకా చెలరేగుతుంది. మంచినీళ్లతో కడిగి, అదేరోజు డాక్టరుకు చూపించాలి.

గిలకలదిండి, నాగాయలంక వైపు వేటకు వెళ్లేవాళ్లకు, చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకు మరొకటి. ఎండ, గాలి, ఉప్పుధూళి ఏళ్లతరబడి తగిలితే తెల్లగుడ్డు మీద ముక్కు వైపు నుంచి ఎర్రటి కండ పొరలా పాకుతుంది. అద్దంలో చూసుకుంటే తెలుస్తుంది. అది నల్లగుడ్డు మీదికి ఎక్కుతుంటే చూపించుకోవాలి. అంచున్న టోపీ, నల్లద్దాలు షోకు కోసమే కాదు.

ఉన్నట్టుండి ఒక కంటికి తెర దించినట్టయినా, మెరుపులు, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువైనా, కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పితో దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించినా ఇంటి పరీక్షలతో పొద్దుపుచ్చకూడదు. ఆ రోజే బయల్దేరాలి. బందరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. 2023లో అక్కడే వైద్య కళాశాల కూడా వచ్చింది. పెద్ద చికిత్సలకు విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ ఆసుపత్రి 2011 నుంచీ ఉంది.

వెళ్లేటప్పుడు పాత అద్దాలు, చీటీలు, వాడుతున్న మందుల పేర్లు పట్టుకెళ్లండి. ఏ కన్ను, ఎప్పటి నుంచి, దూరమా దగ్గరా అన్నది ముందే కాగితం మీద రాసుకుంటే డాక్టరు పని సగం అయినట్టే. కంట్లో చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు ఆనవు, ఎండ గుచ్చుకుంటుంది. కాబట్టి సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. ఇంట్లోంచి ఒకరిని తోడు తీసుకెళ్లండి. వాళ్లూ నలభై దాటినవారైతే, పనిలో పనిగా వాళ్లకూ ఓ చీటీ రాయించేయండి.